బ్లీచింగు వేశాక మూడు రోజులు

రాజరత్నం ఉద్యోగం నీళ్లు చూడడం. నరసాపురం శివార్లలో చేపల మేత అమ్మే షాపు వెనకాల చిన్న ల్యాబు ఉంది. చుట్టుపక్కల చెరువుల రైతులు పొద్దున్నే ఖాళీ వాటర్ బాటిళ్లలో చెరువు నీళ్లు పట్టుకొచ్చి అక్కడ నిలబడతారు. ఆ నీళ్లలో అమోనియా ఎంతుందో, సున్నం ఎన్ని బస్తాలు చల్లాలో, చేపపిల్లని ఎప్పుడు వదలాలో అతను చెప్పాలి. పన్నెండేళ్లుగా చెబుతున్నాడు. ఆయన చూశాడంటే ఇక ఆ నీళ్లకి తిరుగులేదని పేరొచ్చింది. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా.

అలాంటి మనిషి ఇంట్లో ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు ఒక్క పూటలో చచ్చాయంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అతనికి మాత్రం అన్నం సహించలేదు. వారానికి మూడు రోజులు చేపల పులుసు లేందే ముద్ద దిగని మనిషి, వేలెడంత చేపల కోసం ఇంత కుమిలిపోవడమేంటని మీరనుకోవచ్చు. అతను కుమిలింది చేపల కోసం కాదు.

అక్వేరియం కావాలన్నది అతని భార్య ఆశాజ్యోతి. హాలుకి కొత్తగా రంగులేయించారు, మూల బోసిగా ఉంది, అక్కడ చేపల తొట్టి పెడితే బావుంటుందని ఆవిడ ముచ్చట. ఇద్దరూ రాజమండ్రి వెళ్లి మూడడుగుల తొట్టి బేరం చేశారు.

షాపతను పద్ధతిగా చెప్పాడు. "సార్, నీళ్లు నింపి ఫిల్టరు ఆన్ చేసి ఒక నెల అలా తిరగనివ్వండి. తర్వాత ఒకటో రెండో చేపలు వేసి చూడండి. ఎనిమిదంటే దీనికి ఎక్కువైపోతాయండి."

రాజరత్నం నవ్వాడు. "ఏమయ్యా, వందల ఎకరాల చెరువులకి నీళ్లు చూసేది నేను. గాజు తొట్టి గురించి నాకు చెబుతావా?"

షాపతను చేపల్ని కవర్లలో పట్టి ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే ఎనిమిది చేపలూ తొట్టిలో పడ్డాయి.

కోరింది ఆశాజ్యోతి అయినా, ఆ చేపలకి దాసోహం అయిపోయింది మాత్రం వాళ్లమ్మ సంపూర్ణమ్మ. ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉంటోంది. కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు కూర్చునేది. తనతో పనిచేసిన నర్సుల పేర్లన్నీ చేపలకి పెట్టేసింది. అన్నింటికంటే లావుగా ఉండి, మిగతావాటిని తోసుకుంటూ తిరిగే చేప పేరు హెడ్ నర్సు. మేత వేసే పని తనే పుచ్చుకుంది.

సంపూర్ణమ్మ చెయ్యి మంచిదని వీధి వీధంతా నమ్మకం. ఆసుపత్రిలో ఎన్ని వందల మంది పసిపిల్లలకి మొదటి స్నానం ఆ చేతుల మీదుగా జరిగిందో లెక్కలేదు. రిటైరయ్యాక కూడా వీధిలో ఎవరికి పురుడొచ్చినా ఆవిడకే కబురు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లని కాళ్ల మీద బోర్లా వేసుకుని లాల పోస్తే ఏడ్చే పిల్లయినా అక్కడే కునుకు తీసేది. పక్కింటి సూర్యకళ కూతురికి అలాగే పోసింది. ఇప్పుడు ఆ కూతురు తుని నుంచి పురిటికొచ్చి మగపిల్లాణ్ని కంటే, వాడికీ రోజూ పొద్దున్నే వెళ్లి పోస్తోంది. హిందువులూ క్రైస్తవులూ అన్న తేడా ఆ నీళ్ల దగ్గర ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

మూడు వారాలు గడిచాయి. తొట్టిలో నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. ఆ శనివారం సాయంత్రం ఇంట్లో గృహ ప్రార్థన. ఐజాక్ పాస్టరుగారూ, సంఘంలోవాళ్లు మరో ఏడెనిమిది మందీ వస్తారు. నీళ్లు చూసే మనిషి ఇంట్లో ఇలాంటి నీళ్లా అని ఎవరైనా అంటే తల కొట్టేసినట్టు ఉంటుందని రాజరత్నానికి బెంగ పట్టుకుంది. మధ్యాహ్నం ల్యాబు నుంచి త్వరగా వచ్చేశాడు. ఆశాజ్యోతి వంటగదిలో ఉంది, సంపూర్ణమ్మ నడుం వాల్చింది. చేపల్ని బకెట్లోకి తీశాడు. తొట్టి మొత్తం ఖాళీ చేశాడు. చెరువు ఎండగట్టి బ్లీచింగు వేసినట్టే, రాళ్లకీ ఫిల్టరు స్పాంజికీ అన్నింటికీ బ్లీచింగు నీళ్లు పట్టించాడు. గబగబా రెండుసార్లు జాడించి, కుళాయి నీళ్లు నింపి, చేపల్ని వదిలేశాడు. తొట్టి అద్దంలా మెరిసింది.

బ్లీచింగు వేశాక మూడు రోజులు ఆగండి, నీళ్లు నా దగ్గరికి తెచ్చి చూపించండి, నేను సరే అన్నాకే పిల్లని వదలండి. ఈ మాట అతను రోజుకి పదిమందికి చెబుతాడు. తన ఇంట్లో మూడు గంటలు కూడా ఆగలేదు.

ప్రార్థన మొదలైన కాసేపటికే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. పాట మధ్యలో ప్రిస్కిల్లమ్మ చూసి, "చేపలు కూడా మనతో పాడుతున్నాయండి" అని మురిసిపోయింది. అందరూ నవ్వారు. రాజరత్నం నవ్వలేదు. చేప అలా నోరు తెరిచిందంటే అర్థమేంటో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. లేచి చేపల్ని తీసి బకెట్లో వేయొచ్చు. అందరి ముందూ లేవడానికి సిగ్గేసి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు ఆమేన్ అనేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలాయి.

అందరూ తొట్టి చుట్టూ మూగారు. "అయ్యో, ఏమైందండీ?" అని పాస్టరుగారు అడిగారు. అడిగింది రాజరత్నాన్ని. నీళ్ల సంగతి తెలిసినవాడు అతనే కదా.

"అత్తయ్యగారూ, మళ్లీ మేత ఎక్కువ వేశారా?" అన్నాడు రాజరత్నం.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలీదు. వచ్చేసింది.

సంపూర్ణమ్మ ముఖం పాలిపోయింది. "మధ్యాహ్నం వేశాను బాబూ. చుట్టాలొస్తున్నారు కదా, వీటికీ పండగే అని ఒక చిటికెడు ఎక్కువే వేశాను" అంది. పొద్దున్నకి మిగతా అయిదూ పోయాయి, హెడ్ నర్సుతో సహా.

మర్నాడు ఆవిడ పక్కింటికి వెళ్లలేదు. ఎదురుచూసి ఎదురుచూసి సూర్యకళే వచ్చింది. "పిన్నిగారూ, నీళ్లు కాగిపోయాయండి, రండి."

"నేను రానమ్మా. ఇంకెవరినైనా చూసుకో."

"ఒంట్లో బాలేదాండి?"

"ఒళ్లు బానే ఉంది. చెయ్యే పాడైంది" అని రెండు చేతులూ పమిట కింద దాచుకుంది. "ఎనిమిది ప్రాణాలు తీసిన చెయ్యమ్మా. పసిగుడ్డుని ముట్టుకోవడానికి నాకు భయమేస్తోంది."

సూర్యకళ నవ్వేసి బతిమాలింది, తర్వాత నొచ్చుకుంది, తర్వాత ఎవరో మరిడమ్మని కుదుర్చుకుంది. మరిడమ్మ లాల పోస్తుంటే పిల్లాడు వీధి దద్దరిల్లేలా ఏడ్చేవాడు. ఆ ఏడుపు సరిగ్గా రాజరత్నం టిఫిను తినే వేళకి గోడ దాటి వచ్చేది. సంపూర్ణమ్మ వంటగదిలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని వినేది. ఆవిడ ఇప్పుడు కూర తాలింపు కూడా వేయడం లేదు, మొక్కలకి నీళ్లు పోయడం లేదు. అడిగితే, ఎందుకొచ్చిన గొడవ, నువ్వే చేసుకోమ్మా అని కూతురికి అప్పజెప్పేస్తోంది.

రాజరత్నం ఇడ్లీ చిదుపుతూ కూర్చునేవాడు. ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాడు. ఇంతలో టైమైపోయేది.

ఆ ఆదివారమే అతను తొట్టి నీళ్లు సీసాలో పట్టుకెళ్లి, ల్యాబు తలుపులు మూసుకుని పరీక్ష చేశాడు. మందు చుక్కలు వేశాక తేలిన రంగు చూస్తే ఇక చెప్పక్కర్లేదు. క్లోరిను ఒక్కటే చాలు వాటిని చంపడానికి. రిపోర్టు కాగితంలో అంకెలన్నీ నింపాడు. రైతు పేరు అన్న చోటికొచ్చేసరికి పెన్ను ఆగింది. ఖాళీగా వదిలేసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం పదిహేను రోజులు చొక్కాలు మారుతూ అతనితోనే తిరిగింది.

ఒకరోజు తాతాజీ అనే రైతు, బ్లీచింగు వేసిన మర్నాడే పిల్లని వదిలేయనా అని అడిగాడు. రాజరత్నం చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది. "ఏంటండీ, మీరే కదండీ ఎప్పుడూ మూడు రోజులంటారు" అని తాతాజీయే గుర్తు చేశాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు విప్పీ విప్పకుండానే అత్తగారి ముందు కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, చేపలు చచ్చింది మీ మేత వల్ల కాదండి. ఆ రోజు నేను తొట్టి బ్లీచింగుతో కడిగాను. ఆగకుండా చేపల్ని వేసేశాను. తప్పు నాది." కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

సంపూర్ణమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. అంతా ఇంగ్లీషూ, అంకెలూ. తర్వాత అతని ముఖం చూసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి ఆవిడకి. రాజరత్నానికి గుండె కుదుటపడింది, నమ్మింది అనుకున్నాడు.

"మీ మనసు వెన్న బాబూ" అందావిడ. "ముసలిది కుళ్లిపోతోందని నా తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. కాగితం కూడా రాసుకొచ్చారు."

"కాదండీ, నిజంగానే..."

"నీళ్ల విషయంలో మీరు పొరపాటు చేస్తారా? ఎవరికి చెబుతారు బాబూ."

పన్నెండేళ్లు సంపాదించుకున్న పేరు అలా వచ్చి నోటికి అడ్డంపడింది. ఇంకా గట్టిగా చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేయను అని అతని మనసులో ఎక్కడో ఒక చిన్న సుఖం కూడా కలిగింది.

కథ అక్కడితో ఆగినా బావుండేది. గురువారం స్త్రీల కూడికలో సంపూర్ణమ్మ సాక్ష్యం చెప్పింది. తన చేతితో జరిగిన తప్పుని అల్లుడు ఎలా మీద వేసుకున్నాడో, కన్న కొడుకైనా అలా చేయడని కన్నీళ్లతో చెప్పింది. అది సంఘమంతా పాకింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఐజాక్ పాస్టరుగారు రాజరత్నం భుజం మీద చెయ్యి వేసి, "ఎంత తగ్గింపు బ్రదర్ మీకు" అన్నారు. తగ్గింపు అంటే వాళ్ల మాటల్లో వినయం. గుడి మెట్ల మీద రాజరత్నం తల దించుకున్నాడు. తల దించుకోవడం కూడా తగ్గింపు కిందే జమైంది.

ఇంట్లో కూరలో పెద్ద ముక్క అతని కంచంలోకే వస్తోంది. "అల్లుడుగారికి వెయ్యవే" అని సంపూర్ణమ్మ కూతురికి చెప్పేది. తను మాత్రం వడ్డించేది కాదు. చెయ్యి మంచిది కాదు కదా.

ఇలా అయిదు వారాలు అయ్యాయి. ఒక సాయంత్రం సూర్యకళ గోడ మీంచి ఆశాజ్యోతికి చెబుతుంటే రాజరత్నం విన్నాడు. పిల్లాడికి మూడో నెల వచ్చేసింది, వచ్చే ఆదివారం అల్లుడొచ్చి తల్లినీ పిల్లాణ్నీ తుని తీసుకెళ్లిపోతాడట. "మా అమ్మాయికి పోసిన చేత్తో దాని కొడుక్కి కూడా పోయించుకోవాలని ఎంతో ఉండేదండి. ఆ రాత లేదు" అని సూర్యకళ ముక్కు చీదింది.

లోపల సంపూర్ణమ్మ ఆ మాట విని లేచి వెళ్లి దొడ్లో కూర్చుంది. రాజరత్నం వెనకాలే వెళ్లి గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటోంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతకుముందు కూడా వేసింది గానీ, అది కడుక్కుంటే పోయే రకం. ఇది అలా లేదు.

నింద వేసింది పదిమందిలో. నిజం చెప్పింది నాలుగ్గోడల మధ్య, గొణుగుతూ. అందుకే అది చెల్లలేదని అప్పటికి తోచింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, వరస మాది కాకపోయినా ఈ శనివారం గృహ ప్రార్థన మా ఇంట్లోనే పెట్టండని బతిమాలాడు.

శనివారం ఆ రోజొచ్చిన వాళ్లే అందరూ వచ్చారు. మూలన ఖాళీ తొట్టి అలాగే ఉంది. పాట అయింది, ప్రార్థన అయింది. రాజరత్నం లేచి నిలబడ్డాడు.

"చేపల్ని చంపింది నేను. అత్తయ్యగారు కాదు" అన్నాడు.

నాలుగైదు ముఖాలు మెచ్చుకోలుగా నవ్వాయి. పాస్టరుగారు తలాడించారు. సంపూర్ణమ్మ లేచి, "బాబూ, దేవుని సన్నిధిలో నా కోసం అబద్ధమాడకండి. మీకు పాపం" అంది.

అప్పుడు ఆశాజ్యోతి అంది. ఆవిడ లెక్కల టీచరు, జవాబు ఒక్కటే చెబితే ఒప్పుకోదు, ఎలా వచ్చిందో చూపించాలి. "నిజమైతే మొదట్నుంచి చెప్పండి. ఏమేం చేశారో వరసగా."

చెప్పాడు. షాపతని మాట వినకపోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. బకెట్టు నీళ్లకి మూడు గరిటెల బ్లీచింగు. స్పాంజి పది నిమిషాలు నానబెట్టడం. అయిదూ పదికి చేపల్ని వదలడం. అక్కడ ఆగాడు. తర్వాతి ముక్క అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, తనలో తను కూడా అనుకోలేదు.

"చేపల్ని వేశాక మూత తీసి వాసన చూశాను. బ్లీచింగు వాసన గుప్పుమంది. అప్పుడే తెలిసింది నాకు. వాటిని తీసేయాల్సింది. అప్పటికే మీరు వచ్చేవేళైంది. వాసన మీకు తెలియకూడదని హాలంతా మల్లెపూల స్ప్రే కొట్టాను."

ప్రిస్కిల్లమ్మ మెల్లగా అంది, "అవునండి. ఆ రోజు మల్లెపూల వాసనకి నాకు తలనొప్పి వచ్చింది. ఈ కాలంలో మల్లెపూలేంటా అనుకున్నాను."

సంపూర్ణమ్మ కుర్చీలో కూర్చుంది.

"అంటే నన్ను అడిగేటప్పటికే మీకు తెలుసు" అందావిడ.

"తెలుసండి."

"చేపలదేముంది. ఆ మాట ఆ రాత్రే చెప్పి ఉంటే నవ్వేసేదాన్ని." వేళ్లు మడుస్తూ తెరుస్తూ ఉంది. "నలభై రెండు రోజులండీ. ఆ పిల్లాడు గోడవతల ఏడుస్తుంటే విన్నాను. రేపు వెళ్లిపోతున్నాడు. ఆ నలభై రెండు లాలలూ ఎవరు పోస్తారు రాజరత్నం గారూ?"

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆవిడ అతన్ని పేరుపెట్టి, గారు చేర్చి పిలవడం అదే మొదలు. ఎప్పుడూ బాబూ అనే. అతను నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు.

మర్నాడు ఆదివారం. తుని వెళ్లే కారు తొమ్మిదిన్నరకి. ఏడు గంటలకే సంపూర్ణమ్మ కొబ్బరినూనె గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది. సూర్యకళ ఆవిడని చూసి పీట తెచ్చి వేసింది. పెట్టెలు సర్దుకునే హడావుడిలో ఇల్లంతా చిందరవందరగా ఉంది. సంపూర్ణమ్మ కాళ్లు చాపి కూర్చుంది. సూర్యకళ కూతురు పిల్లాణ్ని తెచ్చి ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టింది. నూనె చెయ్యి వీపు మీద పడగానే వాడు కాళ్లు రెండుసార్లు ఆడించి ఊరుకున్నాడు.

"నీళ్లు నేను తెస్తానండి" అన్నాడు గుమ్మంలోంచి రాజరత్నం. ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఎవరూ వద్దనలేదు.

పొయ్యి మీది వేడినీళ్లు బకెట్లో పోశాడు. చన్నీళ్లు కలిపాడు. చెయ్యి ముంచి చూశాడు, మళ్లీ కాసిని చన్నీళ్లు కలిపాడు, మళ్లీ చూశాడు. జీవితంలో ఏ నీళ్లూ అతను అంత శ్రద్ధగా చూసి ఉండడు. బకెట్టు తెచ్చి సంపూర్ణమ్మ పక్కన పెట్టాడు.

ఆవిడ మోచెయ్యి ముంచింది. కాసేపు ఉంచింది. బయటికి తీసి, పమిటతో తుడుచుకుని, రెండో చేత్తో బకెట్టు మెల్లగా వంచేసింది. నీళ్లు తూము వైపు పారాయి.

"సూర్యకళా, నువ్వు కలిపి తీసుకురామ్మా" అంది.

నీళ్లలో ఏ లోపమూ లేదు. ఆవిడ మోచేతికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. రాజరత్నం వంగి ఖాళీ బకెట్టు తీసుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. సూర్యకళ వేరే బకెట్టుతో వచ్చి దగ్గర పెట్టింది. సంపూర్ణమ్మ దాన్ని ముట్టి చూడకుండానే చెంబు ముంచి, పిల్లాడి వీపు మీద పోయడం మొదలుపెట్టింది.